నాయక్ జయకుమార్ ఆడిన అబద్ధం

జయకుమార్, బసవరాజు ఒకే రోజు సైన్యంలో చేరారు. కర్నూలులో జరిగిన ఎంపిక పరుగులో చివరి చుట్టుకు బసవరాజు కడుపు పట్టుకుని కూలబడబోతే, జయకుమార్ అతని బనియను పట్టి లాక్కుంటూ గీత దాటించాడు. జయకుమార్‌ది ఆదోనికి పన్నెండు మైళ్ళ దూరంలోని ఊరు, బసవరాజుది కోసిగి పక్క. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఒకే కంపెనీలో, ఒకరి దుప్పటి ఒకరు కప్పుకుని బతికారు.

బసవరాజు మాటకారి. హిందీ త్వరగా పట్టేశాడు, హవల్దారు అయ్యాడు. జయకుమార్ మాటలు తక్కువ మనిషి, నాయక్ దగ్గరే ఆగిపోయాడు. దాని గురించి ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏమీ రాలేదు. జయకుమార్‌కు కూతురు పుట్టిందని ఊరి నుంచి ఫోను వస్తే పోస్టులో అందరికీ బెల్లం పంచింది బసవరాజే.

ఆ కూతురికి మూడేళ్ళు నిండిన చలికాలంలో, ఉత్తర సరిహద్దు మంచుకొండల్లో వాళ్ళిద్దరూ వంశీ అనే సిపాయితో కలిసి పై పోస్టుకు కిరోసిన్ డబ్బాలు మోసుకుపోతున్నారు. వంశీది కడప వైపు మంగంపేట. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ముగ్గురూ నడుములకు ఒకే తాడు కట్టుకున్నారు. ముందు బసవరాజు, నడుమ వంశీ, వెనక జయకుమార్. పొద్దున ఎనిమిది గంటలప్పుడు వంశీ కాళ్ళ కింద మంచు విరిగింది. అరుపు పూర్తికాకముందే అతను పగులులోకి జారిపోయాడు. తాడు మిగతా ఇద్దరినీ ఈడ్చింది. జయకుమార్ మంచుగొడ్డలి దిగేసి దాని మీద బోర్లా పడ్డాడు. తాడు ఆగింది.

అప్పటికే గాలి లేచింది. నాలుగు బారల దూరంలో ఏముందో కనిపించడం లేదు.

"జయా, తాడు ఇప్పెయ్!" అని అరిచాడు బసవరాజు. "వాడు పోయినాడప్పా. మనల్ని గూడా గుంజుకుంటాడు."

"పోలేదు బసవా. పిలుస్తాండాడు, ఇనపడలేదా?"

"అది గాలి."

"గాలి అన్నా అని పిలుస్తాదా?"

బసవరాజు నడుము దగ్గర ముడి విప్పుకున్నాడు. బరువంతా ఒక్కసారిగా జయకుమార్ మీద పడింది. బసవరాజు పగులును చుట్టి వచ్చి, అతనికి నాలుగడుగుల పక్కనుంచే దిగిపోయాడు. మనుషుల్ని తెస్తానని కూడా అనలేదు. మంచులో అతని వీపు కనిపించకుండా పోయేదాకా జయకుమార్ చూశాడు. అప్పటికీ అతనికి కోపం రాలేదు. భయపడ్డాడు, కాసేపటికి తిరిగొస్తాడులే అనుకున్నాడు.

బసవరాజు రాలేదు. జయకుమార్ తాడును గొడ్డలికి బిగించి, పగులులోకి దిగి, మంచు అరుగు మీద ఇరుక్కుని ఉన్న వంశీని చేరాడు. రెండు కాళ్ళూ విరిగాయి. పైకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. చేతితొడుగులు తాడు రాపిడికి చినిగిపోయాయి. వంశీని వీపున వేసుకుని మూడు గంటలు నడిచాడు. పై పోస్టు ఇంకో మైలు ఉందనగా ఇక మొయ్యలేకపోయాడు. ఒక బండ చాటున వంశీని పడుకోబెట్టి, తన కోటు విప్పి కప్పి, "ఈడనే ఉండు వంశీ, మనుషుల్ని పిల్చుకొస్తా" అని చెప్పి బయలుదేరాడు. ఆ గాలిలో దారి తప్పాడు. పొద్దుగుంకే ముందు వెతకడానికి వచ్చినవాళ్ళకు వంశీ బండ చాటున ఒంటరిగా దొరికాడు. జయకుమార్ ఫర్లాంగు దూరంలో, కింది క్యాంపుకు పోయే దారిలో స్పృహ లేకుండా దొరికాడు. వెతకడానికి వచ్చినవాళ్ళకు దారి చూపించింది బసవరాజు.

ఆస్పత్రిలో జయకుమార్ ఎడమచేతి వేళ్ళు రెండు, కాలివేళ్ళు నాలుగు తీసేశారు. అక్కడికే బసవరాజు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని కట్లు కట్టిన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు.

"ఎందుకు దిగొచ్చినావని అడుగుతారు జయా. నువ్వే పంపినావని చెప్పు. మనుషుల్ని తీస్కరా, వంశీ దగ్గర నేనుంటా అని నువ్వే అన్నావని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. నీకేం కాదు. నేను ఇడిసిపెట్టి వచ్చినానని తెలిస్తే మా నాయన ఊర్లో తలెత్తుకోలేడప్పా."

పదకొండేళ్ళ స్నేహితుడు. భయం ఎవరికైనా వస్తుంది. జయకుమార్ కాసేపు పైకప్పు చూసి, "సరేలే, ఏడ్వొద్దు" అన్నాడు.

విచారణ గదిలో ముగ్గురు అధికారుల ముందు ఆ మాటే చెప్పాడు: "హవల్దారు బసవరాజును సాయానికి పంపింది నేనే సార్. వంశీ దగ్గర నేనుంటానన్నాను."

తర్వాత బసవరాజును పిలిచారు. జయకుమార్ అదే గదిలో, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బసవరాజు నిటారుగా నిలబడి చెప్పాడు. వంశీని పగులులోంచి లాగింది తనేనట. బండ చాటుకు మోసింది తనేనట. కోటు విప్పి కప్పమని చెప్పింది కూడా తనేనట. నాయక్ జయకుమార్ కాపలా ఉంటానంటే నమ్మి సాయానికి వచ్చాడట. తిరిగి పోయేసరికి గాయపడినవాడు ఒంటరిగా ఉన్నాడట.

జయకుమార్ లేచి నిలబడ్డాడు. "సార్, అది అబద్ధం. అతను ముందే దిగిపోయాడు."

పెద్ద అధికారి కాగితం చూశాడు. "అతన్ని నేనే పంపానని అరగంట కిందట నువ్వే చెప్పావు. అది నిజమా, ఇది నిజమా?"

జయకుమార్ బసవరాజు వైపు చూశాడు. బసవరాజు ఎదురు గోడను చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆస్పత్రిలో పట్టుకున్న చేతులు, ఆ కన్నీళ్ళు, అన్నీ ఈ గది కోసమే. వంశీకి ఇంకా స్పృహ రాలేదు. నిజం తెలిసిన మూడో మనిషి లేడు.

బసవరాజుకు పతకం వచ్చింది. జయకుమార్‌ను కొలువు నుంచి తీసేశారు. చేతికిచ్చిన కాగితంలో పిరికితనం అనే మాట ఉంది.

అతను ఊరికి వచ్చి మూడెకరాల్లో పత్తి, ఉల్లి పెట్టుకున్నాడు. కాగితంలోని మాట ఎలాగో ఊరికి చేరింది. పటాలం నుంచి పారిపోయి వచ్చాడని అతన్ని పారొచ్చినోడు అన్నారు. భార్య రత్నమణికి మాత్రం జరిగింది మొత్తం ఒకసారి చెప్పాడు. మళ్ళీ ఎత్తలేదు. తనూ అబద్ధమాడాడు కాబట్టి నిజం చెప్పే హక్కు పోయిందని అతని లోపల ఎక్కడో గట్టిగా పడిపోయింది.

పదహారేళ్ళు గడిచాయి. కూతురు రెజీనాకు పంతొమ్మిది వచ్చాయి. ఆడపిల్లల్ని కూడా సైన్యంలో తీసుకుంటున్నారని, ఆదోనిలో ఒక మాజీ సుబేదారు శిక్షణ ఇస్తున్నాడని చెప్పి అతని అకాడమీలో చేరింది. సైన్యం పేరెత్తగానే జయకుమార్ చేలోకి వెళ్ళిపోయాడు. శిక్షణ ఇచ్చేది ఎవరో అడగలేదు.

మొదటి సెలవుకు ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటూ రెజీనా ఆపకుండా మాట్లాడింది.

"మా సారుకు పతకముండాది నాయనా. మంచులో ఒక సిపాయిని పగుల్లోంచి లాగి, ఈపు మీద మోసినాడంట. కాపలా ఉండాల్సినోడు ఇడిసిపెట్టి పాయనంట. వాని పేరు మాత్రం చెప్పడు. యూనిఫారం ఏసుకున్నోని పేరు చెడగొట్టకూడదంటాడు. ఈ ఆదివారం మమ్మల్ని గండికోటకు పిల్చుకపోతాండాడు. ఆ సిపాయి గూడా వస్తాడంట, వంశీ సారు. మంచుకు రెండు కాళ్ళూ పోయినా స్టేజీ ఎక్కుతాడంట."

జయకుమార్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. "మీ సారు పేరేంది?"

"బసవరాజు సారు."

రత్నమణి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. భర్త ఏదైనా అంటాడేమోనని చూసింది. అతను చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాడు. వెనకే వచ్చి, "ఇప్పుడైనా బిడ్డకు చెప్పు" అంది.

"నేను చెప్తే నమ్మాల గదా. చూసినోడు ఒకడుండాడు. వానికి గుర్తుంటే వాడు చెప్పాల."

మర్నాడు ఆదోనిలో రైలెక్కి కోడూరులో దిగాడు. అక్కణ్ణుంచి ఆటోలో మంగంపేట. రోడ్డు పొడుగునా అక్కడి గనుల ముగ్గురాయి పొడి తెల్లగా చెట్ల మీద, రేకుల మీద పడి ఉంది. ఒక పొడి మిల్లు గేటు దగ్గర, లారీలు వచ్చినప్పుడల్లా అడ్డకర్ర ఎత్తుతూ వంశీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ కింద కృత్రిమ కాళ్ళు. జయకుమార్‌ను చూడగానే అతని చేతిలోంచి తాడు జారి అడ్డకర్ర దభీమని కింద పడింది.

"అన్నా" అన్నాడు.

వంశీ తాడు మళ్ళీ అందుకుని ముడేశాడు. తర్వాత జయకుమార్ సూటిగా అడిగాడు. "వంశీ, నిన్ను లాగింది ఎవరో నీకు ఎరుకేనా? లేకుంటే ఆయప్ప చెప్పిందే నమ్మినావా?"

వంశీ తల దించుకున్నాడు. "తెల్సన్నా. కింద ఉండి మీ మాటలన్నీ ఇన్నా. తాడు ఇప్పెయ్ అని ఆయన అనింది, పిలుస్తాండాడని నువ్వనింది. అన్నీ ఇన్నా."

ఇన్నేళ్ళూ వంశీకి ఏమీ గుర్తులేదేమోననే జయకుమార్ అనుకుంటూ వచ్చాడు. ఆ అనుకోవడంలో ఒక ఓదార్పు ఉండేది.

"మరి చెప్పలేదే?"

"నాకు తెలివొచ్చేసరికి పతకం ఇచ్చేసినారు. ఇప్పుడు మాట మారిస్తే పటాలం పరువు పోతాదని పెద్దసారు చెప్పె. బసవరాజన్న వారం వారం వచ్చి నా మంచం కాడ కూర్చునె. ఈ పని ఇప్పించింది గూడా ఆయన్నే, ఈ మిల్లు ఆయన బావమరిదిది. నేనేం జేసేదన్నా?" వంశీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీ ఈపు మీద ఉండంగ నీ గుండె కొట్టుకునేది నాకు ఇనపడతాండె. ఇప్పటికీ ఇనపడ్తాది."

"నాకు పతకం వద్దు, కొలువూ వద్దు" అన్నాడు జయకుమార్. "నా బిడ్డ ఆయప్ప దగ్గరే చేరింది. ఆ ఒక్క పిల్లకు చెప్పు. గండికోటకు వస్తాండావంట గదా."

వంశీ అతని చెయ్యి పట్టుకున్నాడు. లేని వేళ్ళ చోటు తగిలి ఉలిక్కిపడ్డాడు. "చెప్తానన్నా. పిల్లకే గాదు, మైకు ముందర అందరికీ చెప్తా. నువ్వు రా."

ఆదివారం జయకుమార్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, బస్సులు మారి, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాడు. లోయ ఒడ్డుకు ఇవతల మైదానంలో షామియానా వేశారు. రెండు వందల మంది దాకా యువకులు, ఓ ముప్పై మంది ఆడపిల్లలు వరసగా కూర్చున్నారు. రెజీనా మూడో వరసలో ఉంది. జయకుమార్ అందరి వెనక నిలబడ్డాడు.

బసవరాజు బాగా లావయ్యాడు. కోటుకు పతకం పెట్టుకున్నాడు. అదే గొంతు, అదే మాటకారితనం. వంశీని ఇద్దరు పట్టుకుని స్టేజీ ఎక్కించారు. వంశీ మైకు అందుకుని జనాన్ని చూశాడు. వెనక ఉన్న తెల్ల చొక్కా అతని కంటపడింది. బసవరాజు కూడా అటు చూశాడు. చూసి, నవ్వుతూ వంశీ భుజం మీద చెయ్యి వేశాడు. తీయలేదు.

"ఆ పొద్దు..." అని మొదలుపెట్టి వంశీ తన భుజం మీది చేతిని ఓసారి చూశాడు. "ఆ పొద్దు నన్ను పగుల్లోంచి లాగింది బసవరాజు సారు. ఈపు మీద మోసింది ఆయన్నే. నాకు కాపలా ఉండాల్సినోడు నన్ను ఇడిసిపెట్టి పాయ."

చప్పట్లు లోయ దాకా వినిపించాయి. కొడుతున్నవాళ్ళలో రెజీనా కూడా ఉంది.

జయకుమార్‌కు విచారణ గదిలో కలగని నొప్పి ఇప్పుడు కలిగింది. అప్పుడు బసవరాజు భయంతో చేశాడని సర్దుకోవడానికి వీలుండేది. వంశీకి అన్నీ తెలుసు. వారం కూడా కాలేదు, ఈ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తను మోసుకొచ్చిన ప్రాణమే నిలబడి ఈ మాట అంటోంది.

సభ కాగానే బసవరాజే అతని దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా జయా, బాగుండావా?" అని పదిమందికీ వినపడేలా పలకరించి, పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు. "రెజీనా నీ కూతురని నాకు తెల్దు, దేవునాన. మంచి పరుగుండాది పాపకు. నేను చూసుకుంటాలే, ఫీజు దుడ్లు గూడా వద్దు. పాత సంగతి మాత్రం ఎత్తొద్దు. ఇంతమంది పిల్లోల్లు నన్ను నమ్ముకొని ఉండారు. ఈ పతకం చూసే గదా వస్తాండారు? నాలుగు వందల మందిని పటాలానికి పంపినా జయా. అది తక్కువ పనా?"

"నువ్వు దిగిపోయినప్పుడు నాకు కోపం రాలేదు బసవా" అన్నాడు జయకుమార్. "తిరిగొస్తావనే అనుకున్నా. ఆస్పత్రిలో ఒక మాట అడిగినావు, ఇచ్చినా. ఇంగ నా దగ్గర ఏం లేదు."

జీపు ఎక్కుతున్న వంశీ, "అన్నా, ఇద్దరు పిల్లోల్లు నాకు..." అంటున్నాడు. జయకుమార్ ఆగలేదు. రెజీనా అప్పటికే తండ్రిని చూసింది. సారు తండ్రితో పేరు పెట్టి మాట్లాడటం కూడా చూసింది. ఎవరికీ చెప్పకుండా సంచీ భుజాన వేసుకుని తండ్రి వెంట నడిచింది.

జమ్మలమడుగు బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక ఆమే అడిగింది. "సారు పేరు చెప్పని ఆయప్ప నువ్వేనా?"

"నేనే. కానీ ఆయప్ప చెప్పినట్ల కాదు."

మొత్తం చెప్పాడు. తాడు, పగులు, బండ, ఆస్పత్రి, విచారణలో తనన్న మాట, మంగంపేటలో వంశీ ఇచ్చిన మాట. చెప్పడం చేతకాని మనిషి కాబట్టి ఎక్కడా అలంకారం లేకుండా చెప్పాడు. రెజీనా అతని చేతి వైపు చూస్తూ వింది. రెండు బస్సులు పోయాయి.

"నమ్ముతాండా" అంది చివరికి. అతని ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె ఆగలేదు. "బడిలో పారొచ్చినోని కూతురా అంటే రాయెత్తి కొట్టినా. ఇంటికొచ్చి చూస్తే నువ్వు తల వంచుకొని రొట్టె తింటాంటివి. అప్పుడనుకున్నా, నిజమేనేమో అని. తొమ్మిదేండ్లు నాకప్పుడు. అప్పట్నుంచి అనుకుంటానే ఉండా. నేను పటాలానికి పోవాలనుకున్నది ఆ మాట కడుగుదామనే. ఆయప్ప కోసం అబద్ధం చెప్పినావు. మా కోసం నిజం చెప్పలేకపోతివి."

తనకు జరిగిన ద్రోహాన్ని ఇన్నేళ్ళు లోపల దాచుకోవడమే గౌరవమనుకున్నాడు జయకుమార్. దాని బరువు ఈ పిల్ల మోసిందని అతనికి తెలియలేదు. ఊరు చేరేదాకా రెజీనా కిటికీలోంచి బయటికే చూసింది. ఇంట్లో కూడా అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

పై ఆదివారం వాళ్ళ ఊరి రాతి చర్చిలో ఆరాధన మధ్యలో లేవి అనే సంఘపెద్ద, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి" అన్నాడు. అలా పిలిచినప్పుడు జయకుమార్ ఎన్నడూ లేచింది లేదు. ఆ రోజు లేచాడు. రత్నమణి అతని చొక్కా అంచు పట్టుకోబోయి వదిలేసింది.

"నేను అబద్ధ సాక్ష్యం పలికినోన్ని" అని మొదలుపెట్టాడు. "నా సావాసగాన్ని కాపాడాలని విచారణలో అబద్ధం చెప్పినా. ఆ అబద్ధంతోనే ఆయప్ప నన్ను ముంచినాడు." తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాడు. బసవరాజు పేరు, వంశీ పేరు చెప్పాడు. "మీరు నన్ను పారొచ్చినోడంటిరి. నేను పారిపోలేదు. నా తప్పు ఇంకోటుండాది. నా ఇంట్లోవాళ్ళను మీ మాటలకు వదిలేసి నోరు మూసుకున్నా. దానికి నా బిడ్డను, నా భార్యను క్షమించమని అడుగుతాండా."

వెనక వరసలో ఎవరో, "పదహారేండ్లకు గుర్తొచ్చిందేమో" అని గొణిగారు. లేవి మెట్లు దిగి వచ్చి జయకుమార్ భుజం పట్టుకుని నిలబడ్డాడు. కొందరు బయటికొచ్చాక చెయ్యి కలిపారు. కొందరు చూడనట్టు పోయారు. రెజీనా ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకున్న తల్లిని పట్టుకుని ఉంది.

మాట ఆదోనికి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. జయకుమార్, రెజీనా ఉల్లి చేలో కలుపు తీస్తుంటే ఫోను మోగింది. మట్టి చేతులతో అతను స్పీకరు నొక్కి గట్టు మీద పెట్టాడు.

"చర్చిలో నా పేరు ఎత్తినావంట?" బసవరాజు గొంతు.

"ఎత్తినా."

"సాక్షి యాడుండాడు నీకు? వంశీ నా పక్కే చెప్తాడు."

"తెలుసు. ఇన్నా గదా."

"మరి ఎవరు నమ్ముతారప్పా నిన్ను? పరువునష్టం కేసేస్తా, చూసుకో."

"ఎయ్యి. ఎవరూ నమ్మకున్నా నువ్వు దిగిపోయినావు బసవా, నేనుండిపోయినా. ఈసారి కోర్టులో నిన్ను నేనే పంపినానా అంటే లేదనే చెప్తా."

బసవరాజు ఫోను పెట్టేశాడు.

రెజీనా కొడవలి కింద పెట్టి తండ్రి మొహం చూసింది. "రేపట్నుంచి పొద్దున్నే కాలువ గట్టు మీద పరిగెత్తుతా నాయనా. ఆ అకాడమీకి పోను. పరుగులో ఊపిరి యాడ బిగబట్టాలో, యాడ ఇడవాలో నువ్వే చెప్పాల."

బసవరాజు కేసు వెయ్యలేదు. జయకుమార్ పై అధికారులకు పెట్టుకున్న అర్జీకి ఇప్పటిదాకా జవాబు లేదు. మంగంపేట నుంచి ఫోనూ రాలేదు. ఊళ్ళో సగం మంది ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. పిలిచినప్పుడు మాత్రం జయకుమార్ ఇప్పుడు ఆగి, వెనక్కి తిరిగి, వాళ్ళకు మొదటినుంచీ చెప్తాడు.